బొటనవేలికి సెలవు

తొమ్మిది రోజుల సెలవు దొరకడానికి ఆమెకు ఇరవై రెండేళ్ళ ఉద్యోగమూ, ఒక పాడైన బొటనవేలూ కావలసి వచ్చాయి. ఒంట్లో ఏదో ఒకటి మొరాయిస్తే తప్ప సెలవు అడగాలని తోచని మనుషులు కొందరుంటారు. ఈమె వాళ్ళలో మొదటి వరసలో నిలబడే మనిషి.

పెద్దాసుపత్రి కింది అంతస్తులో చిరుగుల గది అని ఒకటుంది. ఆమె పని అక్కడ. రోగుల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు, డాక్టర్ల కోట్లు ఉతికాక చక్రాల బండ్ల మీద ఆ గది ముందుకు వస్తాయి. చిరిగినవి లోపలికొస్తాయి, కుట్టినవి బయటికెళ్తాయి. గదిలో మిషన్లు ఉన్నాయి గానీ, మిషన్ సూది దిగని మందపాటి అంచులూ, గౌన్ల నాడాలూ, రోగుల్ని మంచానికి పట్టి ఉంచే గుడ్డ పట్టీలూ చేత్తోనే కుట్టాలి. ఆ చేతిపనంతా ఆమెదే. ఎవరూ పంచిపెట్టింది కాదు. చేరిన కొత్తలో ఒకసారి బాగా కుట్టి చూపించింది, దాంతో నెత్తికి చుట్టుకుంది.

కుడిచేతి బొటనవేలు మొదట్లో పొద్దుటి పూట మాత్రం బిగుసుకునేది. తర్వాత తర్వాత వంచితే టక్కుమని ఆగిపోవడం మొదలుపెట్టింది. ఎడమచేత్తో పట్టి లాగితే మళ్ళీ టక్కుమని తిన్నగా అయ్యేది. ఎముకల డాక్టరు అదే భవనంలో పై అంతస్తులో కూర్చుంటాడు. వేలు అటూ ఇటూ వంచి చూసి, లోపల నరం జారే దారి వాచిపోయిందన్నాడు. తొమ్మిది రోజులు సూదీ కత్తెరా ముట్టుకోవద్దు, తడిబట్ట పిండొద్దు, వేడి కాపడం పెట్టుకో అన్నాడు. తగ్గితే సరేసరి. తగ్గకపోతే చిన్న కోత, ఆ తర్వాత రెండు నెలలు ఆ చేత్తో పని లేదు.

రెండు నెలలంటే డాక్టరుకి రెండు నెలలే, ఆమెకు మాత్రం ఉద్యోగం. కొత్త ఏడాది నుంచి ఒకసారి తొడిగి పారేసే గౌన్లు తెప్పిస్తారనీ, చిరుగుల గదిలో నలుగురి బదులు ముగ్గురు చాలనీ అప్పటికే పైనుంచి కాగితం వచ్చి ఉంది. పోయే ఆ నాలుగో మనిషి ఎవరో ఇంకా తేల్చలేదు. గది పెద్దావిడ మంచిదే. సెలవు చీటీ మీద సంతకం పెట్టి, కలం మూత బిగిస్తూ అంది:

“సోమవారం ఆ వేలు బాగు చేసుకుని రా. నీ కుర్చీ ఖాళీగా ఉంటే నేను ఎక్కువ రోజులు కాపాడలేను.”

అంటే ఆ తొమ్మిది రోజులూ ఆమె చేయాల్సింది ఒక్కటే, ఏమీ చేయకపోవడం. వినడానికి ఎంత తేలికో చూడండి.

సెలవు మొదలైన శనివారమే అత్తగారింట్లో అందరూ కలిశారు. అత్తగారు పెద్దకొడుకు దగ్గర ఉంటుంది, రెండు వీధుల అవతల. ఏడాది చివరి సెలవుల్లో ఒకరికొకరు కానుకలిచ్చుకోవడం ఆ ఇంట్లో మామూలు. పోయినేడాది ఇచ్చుకున్నవాటిలో ఒకే రకం నీళ్ళ సీసాలు మూడున్నాయి, ఎవరూ వెలిగించని వాసన కొవ్వొత్తులున్నాయి, మూత పట్టని ప్లాస్టిక్ డబ్బాలున్నాయి. చుట్టి తెచ్చిన తళుకు కాగితాలే రెండు బస్తాలయ్యాయి. ఆ బస్తాలు మోసుకెళ్ళి పారేసొచ్చిన రోజే పెద్ద తోటికోడలు ఒక నిర్ణయానికొచ్చింది. ఆవిడ బళ్ళో పిల్లల ఆరోగ్యం చూసే టీచరు. ఇంట్లోవాళ్ళ ఆరోగ్యమూ, భూగోళం ఆరోగ్యమూ కూడా తన పూచీయే అనుకుంటుంది.

ఆవిడ నియమాలు పెట్టింది. ఇచ్చేది ఒంటికి మంచి చేసేదై ఉండాలి. మట్టిలో కలిసిపోయేదో, ఏళ్ళ తరబడి వాడుకునేదో అయ్యుండాలి. కొట్లో కొనడానికి వీల్లేదు, ఇంట్లో ఉన్నదాంతోనే చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, పుచ్చుకునే మనిషి గురించి ఆలోచించి ఇవ్వాలి. ఏడుగురి పేర్లు చీటీల మీద రాసి గిన్నెలో వేసింది, తలా ఒకటి తీసుకున్నారు. ఎవరికి ఎవరి పేరొచ్చిందో సెలవు చివరి ఆదివారం దాకా రెండో కంటికి తెలియకూడదని అందరి దగ్గరా మాట తీసుకుంది.

ఆలోచన మంచిదే, వంక పెట్టడానికి లేదు. చేసేదెవరన్న ప్రశ్న మాత్రం ఆ గదిలో ఎవరికీ రాలేదు.

ఆమె ఆ రోజే తన వేలి సంగతి అందరికీ చెప్పింది. డాక్టరు సూది పట్టుకోవద్దన్నాడనీ, సోమవారం నాటికి తగ్గకపోతే కోత తప్పదనీ చెప్పింది. అందరూ అయ్యో అన్నారు. బావగారు విశ్రాంతి తీసుకోమ్మా అన్నాడు. తోటికోడలు ఉప్పు వేసిన వేడినీళ్ళలో చెయ్యి ముంచమంది. అత్తగారు ఆ వేలు పట్టుకుని వెలుతురులో తిప్పితిప్పి చూసింది. ఆవిడ రెండు కళ్ళకూ శుక్లాలు తీసి నెల కూడా కాలేదు. కొత్తగా వచ్చిన చూపు కదా, గోడమీది పగుళ్ళ దగ్గర్నుంచి మనవరాలి మొటిమల దాకా కనిపించినదల్లా పరీక్షగా చూస్తోంది.

మర్నాడు పొద్దున్నే ఆడపడుచు చంకలో మూటతో దిగింది. ఈమె ఉండేది నాలుగో అంతస్తు. లిఫ్ట్ పనిచేయదు. అంత మెట్లూ ఎక్కి వచ్చి, రొప్పుతూనే తలుపు గడియ పెట్టి, గొంతు తగ్గించి, తనకు పెద్దవదిన పేరొచ్చిందని చెప్పింది. కూరగాయలు తెచ్చుకోవడానికి గుడ్డసంచులు కావాలట. చిన్నవీ పెద్దవీ కలిపి ఆరు. ప్లాస్టిక్ కవరు చూస్తే పెద్దవదిన కస్సుమంటుంది కదా, అందుకని. మూటలో ఉన్నవి పాత దుప్పట్లు. వేలి సంగతి గుర్తుచేస్తే, అందుకే కదా చేత్తో వద్దు, మిషన్ మీద కుట్టెయ్యి వదినా అని సలహా చెప్పి, టీ తాగి వెళ్ళిపోయింది. ఈమె ఇంట్లో మిషన్ లేదు. ఆడపడుచుకు ఆ సంగతి తెలుసు. ఆ పూటకి గుర్తు రాలేదంతే.

సోమవారం సాయంత్రం బావగారు వచ్చాడు. తపాలా ఆఫీసులో కౌంటరు దగ్గర కూర్చునే మనిషి. రోజంతా జనంతో మాట్లాడీ మాట్లాడీ ఇంటి దగ్గర నోరు విప్పడు. చేతిలో పాత ఉన్ని స్వెట్టరు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, ఈ ఏడు చలి ఎక్కువగా ఉందని రెండుసార్లు, మెట్లు ఎత్తుగా ఉన్నాయని ఒకసారి అన్నాడు. చివరికి తేలిందేమిటంటే, ఆయనకు వాళ్ళమ్మ పేరొచ్చింది. స్వెట్టరు చేతులు కత్తిరించి లోపల దూదిపొర వేస్తే అమ్మకి మోకాళ్ళ తొడుగులవుతాయని ఆయన ఆలోచన. నీకు వేలు బాగాలేదన్నావు, తొందరేం లేదమ్మా అన్నాడు. తొందర లేకపోవడమంటే ఆదివారం లోపల అని.

మంగళవారం అత్తగారు ఫోను చేసి గుసగుసగా మాట్లాడింది. ఆవిడకు మనవరాలి పేరొచ్చింది. ఆ పిల్లకు ఏడాదికి పదకొండు నెలలు జలుబే. ముక్కు తుడుచుకుని పారేసే కాగితాలకే ఒక చెట్టు కూలిపోతోందని పెద్దకోడలు లెక్క చెప్పిందట. తన మెత్తటి పాత దుప్పటి చింపి డజను చేతిరుమాళ్ళు కుట్టిపెట్టమంది. నాలుగు అంచులూ మడిచి కుట్టడమేగా, అందులో పెద్ద పనేముంది అంది. నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిది అంచులని ఆవిడకి తోచలేదు. కొత్త చూపుతో తనే కుట్టుకుందామని కూర్చుందట గానీ, సూది పదునంతా కనిపించేసరికి భయమేసిందట.

ఆ మనవరాలంటే ఈమె కూతురే, కాలేజీ చదువు. దానికి పెదనాన్న పేరొచ్చింది. ఆయనకు షుగరుంది, రోజూ నడవమని డాక్టర్లు చెప్పినా, దారిలో దాహమేస్తుందన్న సాకుతో ఆయన నడవడు. నీళ్ళ సీసా నడుముకి తగిలించుకునే సంచి కుడదామని దాని ఆలోచన. పాపం, అమ్మను ఇబ్బంది పెట్టకూడదని తనే మొదలుపెట్టింది. గంటసేపు తలుపేసుకుని కుట్టాక చూస్తే సంచి అన్ని వైపులా మూసుకుపోయి ఉంది. సీసా ఎక్కడినుంచి పెట్టాలో తెలియలేదు. ఆ కుట్లన్నీ ఊడదీయడం కొత్తగా కుట్టడం కన్నా కష్టం. ఊడదీయడంలో బొటనవేలు అయిదుసార్లు టక్కుమంది.

బుధవారం నియమాలు పెట్టిన తోటికోడలే వచ్చింది. ఆవిడకు మరిది పేరొచ్చింది, అంటే ఈమె భర్త. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఇంటి నుంచి తెచ్చుకున్న భోజనం చల్లారిపోతుందని పక్కన పెట్టేసి, డిపో బయట బండి మీద నూనెలో వేగినవన్నీ తింటాడు. మధ్యాహ్నం దాకా వేడి నిలిచేలా కంబళి పొర వేసిన టిఫిన్ సంచి ఇస్తే ఆ తిండి మానేస్తాడని ఆవిడ ఉద్దేశం. కాగితం మీద బొమ్మ గీసి, కొలతలు వేసి తెచ్చింది. ఆలోచనంతా ఆవిడదే. కుట్టు మాత్రం ఈమెది. ఇంట్లో ఉన్నదాంతోనే చేయాలన్నావు కదక్కా అని ఈమె అంటే, ఆవిడ నవ్వి బుగ్గ పుణికింది.

“నువ్వు మా ఇంటి మనిషివేగా చెల్లీ!”

మరి ఈవిడ కాదనొచ్చు కదా, నోట్లో నాలుక లేదా అని మీరడగొచ్చు. ఉంది. ప్రతివాళ్ళకీ వేలి సంగతి ఒకసారి చెప్పింది. వాళ్ళు నొచ్చుకున్నారు, నొచ్చుకుంటూనే మూట అక్కడ పెట్టి వెళ్ళారు. రెండోసారి చెప్పడానికి ఆమెకు మొహమాటం. ఇంకో సంగతి కూడా ఉంది, దాచడమెందుకు. ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్ళు, మాటకారులు. అయినా ఏదైనా చినిగిందంటే అందరూ తన గుమ్మానికే వస్తారన్నది ఆమెకు లోపల్లోపల బాగానే ఉండేది. ఆ బాగుండటం ఖరీదు ఎప్పుడూ ఒళ్ళే కడుతూ వచ్చింది.

కాబట్టి సెలవు ఇలా గడిచింది. పొద్దున వంట, గిన్నెలు కాగానే ముందుగది కిటికీ పక్కన కుర్చీ వేసుకునేది. కింద బస్సుల షెడ్డు, దాని రేకుల కప్పు మీద ఎండ, ఎక్కడో ఇంజను పట్టుకోక దగ్గుతున్న బస్సు. వేలికి గుడ్డ చుట్టుకుని, సూదిని చూపుడు వేలికీ మధ్యవేలికీ మధ్య పట్టుకుని కుట్టేది. అలా పట్టుకుంటే బొటనవేలికి పని తప్పుతుందని ఆశ. పదిహేను కుట్లు పోయేసరికి అలవాటైన చెయ్యి తెలియకుండానే బొటనవేలిని పిలుచుకునేది. సెలవులో ఒక్కరోజైనా మధ్యాహ్నం పడుకోవాలని ఆమె ఎంతగానో అనుకుంది. ఇరవై రెండేళ్ళుగా మధ్యాహ్నం నిద్ర ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. పక్క మీద ఎండ పడి, పక్కంతా వెచ్చగా ఉండేది. దాని మీద ఆరు సంచులూ, కంబళి ముక్కలూ పరిచి ఉండేవి.

గురువారం భర్త ఇంకో పని తెచ్చాడు. డిపోలో టికెట్ల కౌంటరు పెద్దాయనకు చెయ్యి నొప్పిగా ఉందట. గోధుమలు నింపిన గుడ్డ తొడుగు ఒకటి కుడితే, వేడిచేసి చేతికి వేసుకుంటాడని చెప్పాడు. కొలత కావాలంటే నీ చేతికి చూసుకో, ఆయన చెయ్యీ ఇంచుమించు అంతే అన్నాడు. అంటూ కాగితం తెచ్చి, ఆమె కుడిచేతిని దానిమీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీశాడు. గీస్తున్నంతసేపూ చాలా శ్రద్ధగా గీశాడు. వాచిన బొటనవేలి దగ్గర పెన్సిలు మెల్లగా తిప్పాడు. ఆమెకు ఆ ముసలాయన మీద జాలేసింది. తన నొప్పి తనకు తెలుసు కాబట్టి, శుక్రవారమంతా కూర్చుని, మిగతా అన్నిటికన్నా దీన్నే బాగా కుట్టింది. గింజలు ఒకవైపు జారిపోకుండా లోపల గళ్ళు గళ్ళుగా విడదీసి మరీ కుట్టింది.

ఆమెకు వచ్చిన చీటీ ఆడపడుచుది. శనివారం రాత్రికి గానీ ఆ సంగతి గుర్తు రాలేదు. చేతిలో బలం లేదు, బుర్రలో ఆలోచన లేదు. వంటింటి కిటికీలో గ్లాసు నీళ్ళలో పెట్టిన పుదీనా కాడలు వేళ్ళు పట్టి ఉన్నాయి. ఆదివారం పొద్దున చెవి విరిగిన కప్పులో మట్టి పోసి వాటిని నాటింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ అత్తగారి ముందుగదిలో చుట్టూ కూర్చున్నారు. కానుకలన్నీ పాత వార్తాపత్రికల్లో చుట్టి, గుడ్డపేలికలతో కట్టి ఉన్నాయి. తళుకు కాగితం ఒక్కటి లేదు. తోటికోడలి ముఖం వెలిగిపోతోంది. ముందు ఆడపడుచు కప్పు అందుకుంది. ఒంటికి మంచిదే, మట్టిలోదే, నియమాలేవీ తప్పలేదు. అయినా ఆవిడ పుదీనా ఆకు ఒకటి తుంచి వాసన చూసి, మొహం కొంచెం చిన్నబుచ్చుకుంది.

“నా పేరు నీకొస్తే నీ చేతి కుట్టు దొరుకుతుందనుకున్నాను వదినా.”

ఆవిడ తెచ్చిన ఆరు సంచులూ పక్కనే పేపరు చుట్టుకుని కూర్చునున్నాయి.

తర్వాత ఒక్కొక్కటీ విప్పారు. సంచులు చూసి తోటికోడలు మురిసిపోయింది, ఆడపడుచు ఇంత ఓపిగ్గా కుట్టిందా అని ముక్కున వేలేసుకుంది. ఆడపడుచు తల వంచుకుని నవ్వింది. బావగారు సీసా సంచి నడుముకి తగిలించుకుని గదిలో అటూ ఇటూ నడిచాడు. ఆమె భర్త టిఫిన్ సంచిలో చెయ్యి పెట్టి వెచ్చగా ఉందన్నాడు. కూతురు అప్పుడే ఒక రుమాలుతో ముక్కు తుడుచుకుంది. అందరూ అందరినీ పొగిడారు. అందరూ ఆమె వైపు మాత్రం చూడకుండా జాగ్రత్తపడ్డారు.

అత్తగారు మోకాళ్ళ తొడుగులు కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. చూసి చూసి, మనవరాలి చేతిలో రుమాలు లాక్కుని చూసింది. ఆ తర్వాత సంచులు, ఆ తర్వాత కొడుకు నడుము దగ్గరికి వంగి సీసా సంచి.

“అన్నిటికీ ఎడమ మూల మూడు ఎర్ర కుట్లున్నాయేమిటే? అందరూ ఒకే కొట్లో కొన్నారా ఏం?” అంది.

ఇక్కడ చిరుగుల గది పద్ధతి ఒకటి చెప్పాలి. ఆ గదిలో బాగుచేసిన ప్రతి గుడ్డకీ ఎడమ మూల కుట్టిన మనిషి గుర్తు వేస్తారు. ఒకరిది నీలం దారం, ఒకరిది పచ్చ. ఈమెది ఎర్రదారం, మూడు కుట్లు. కుట్టు ఉతుకుడులో వీడిపోతే ఆ గుడ్డ తిన్నగా ఆ మనిషి బల్ల మీదికే తిరిగొస్తుంది. ఇరవై రెండేళ్ళలో ఆమె చేయి ఆ మూడు కుట్లు వేయకుండా ఏ పనీ ముగించలేదు. ఇంట్లో కూర్చుని ఎవరి కంటా పడకూడని కానుకలు కుడుతున్నప్పుడు కూడా, చివర్లో దారం తెంపబోయే ముందు చెయ్యి దానంతటది ఎర్రదారం వెతుక్కుంది. ఆమెకు ఆ సంగతి ఇప్పుడు అత్తగారు చెప్పేదాకా తెలియదు.

ముందుగా కూతురు నిజం ఒప్పేసుకుంది. ఇక అడ్డుకట్ట తెగిపోయింది. నువ్వు కూడానా అంటే నువ్వు కూడానా అని ఒకర్నొకరు ఆటపట్టించుకున్నారు, పకపకా నవ్వుకున్నారు. నియమాలు పెట్టినావిడే దొరికిపోయిందని బావగారు చాన్నాళ్ళకి నోరారా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అలా నవ్వుతున్నవాళ్ళలో ఎవరూ అన్నీ కలిపి ఎన్నయ్యాయో లెక్కపెట్టలేదు. ఎవరికి వాళ్ళు తాము అడిగింది ఒక్కటే కదా అనుకున్నారు.

నవ్వనివాడు ఒక్కడే, ఆమె భర్త. ఆయన చేతిలో ఇంకో పొట్లం ఉంది. అది వెనక్కి పెట్టుకోబోతుంటే తోటికోడలు చూసి, ఇదొక్కటే మిగిలింది, ఇవ్వవయ్యా అంది. ఆయన తెచ్చి భార్య ఒళ్ళో పెట్టాడు. పేలిక ముడి గట్టిగా పడింది. ఆమె గోటితో పట్టి లాగింది. బొటనవేలు టక్కుమని వంగి ఆగిపోయింది. ఎడమచేత్తో పట్టి లాగింది, రాలేదు. రెండోసారి గట్టిగా లాగింది. నొప్పి మోచేతి దాకా పాకింది గానీ వేలు కదల్లేదు. ఎప్పుడూ తిరిగొచ్చే వేలు, ఈసారి తిరిగి రాలేదు.

అత్తగారు పొట్లం తీసుకుని తనే విప్పింది. లోపల గోధుమల తొడుగు. గళ్ళు గళ్ళుగా విడదీసి కుట్టిన తొడుగు, ఎడమ మూల మూడు ఎర్ర కుట్లు.

టికెట్ల కౌంటరు పెద్దాయన ఎవరూ లేడు.

“నీ చెయ్యి నొప్పి చూడలేక అనుకున్నాను. నాకు కుట్టడం రాదు కదా,” అన్నాడు ఆయన. కపటం ఏమీ లేదు ఆయన మొహంలో. అందరికన్నా ఎక్కువ ఆలోచించింది ఆయనే. ఆమె గురించి నిజంగానే ఆలోచించాడు. ఆలోచించి, ఆమె చేతే కుట్టించాడు.

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంతవరకూ ఎవరి మీదా రాని కోపం కూడా వాటితోపాటు వచ్చింది. అది ఆయన ఒక్కడి మీదా కాదు. వంగిపోయిన వేలిని అందరికీ కనిపించేలా పైకెత్తింది.

“ఈ తొమ్మిది రోజులూ మీ ఎవరివీ కావు. దీనివి. దీనికి డాక్టరిచ్చిన సెలవు.”

ఇప్పుడు అందరూ లెక్కపెట్టుకున్నారు. ఆరు సంచులు, ఒక జత తొడుగులు, డజను రుమాళ్ళు, సీసా సంచి, టిఫిన్ సంచి, గోధుమల తొడుగు. తోటికోడలి ముఖంలో రంగు పోయింది. మరి ఒక్కమాట గట్టిగా చెప్పుంటే మేం అడిగేవాళ్ళమా చెల్లీ అంది. చూడండి ఆ మాట, చివరికి తప్పు ఎటు తిరిగి ఎక్కడికొచ్చి చేరిందో.

“చెప్పానక్కా. ప్రతివాళ్ళకీ చెప్పాను. చిన్నగా చెప్పాను, అదే నా తప్పు,” అంది ఆమె.

అప్పుడందరూ ఒక్కసారిగా ఏదో ఒకటి చేస్తామన్నారు. ఆడపడుచు వారం రోజులు వంట పంపిస్తానంది. బావగారు మంచి డాక్టరు ఎవరో తెలుసన్నాడు. కూతురు ఏడుస్తూ గిన్నెలు ఇకమీదట తానే తోముతానంది. తోటికోడలు నీకేం కావాలో చెప్పు, ఈసారి మేమే చేసిస్తాం అంది.

“నాకేం చేసివ్వొద్దు. రేపు పొద్దున డాక్టరు దగ్గరికి నాతో ఎవరైనా రండి. కోత అంటాడు. ఆ తర్వాత కింద గదిలో పెద్దావిడ ఏమంటుందో కూడా వినాలి. ఒక్కదాన్నే వినలేను.”

అంత చిన్న కోరిక ఆ గదిలో ఎవరి చేతులకీ అందలేదు. సోమవారం బళ్ళో పరీక్ష ఉందని తోటికోడలికి గుర్తొచ్చింది. సెలవుల తర్వాత తొలిరోజు కాబట్టి తపాలా కౌంటరు వదిలితే బావగారికి మాటొస్తుంది. ఆడపడుచుకు ఇంటికి మనుషులొస్తున్నారు. కాలేజీ మానేస్తానని కూతురంటే ఈమే వద్దంది. అత్తగారికి ఆసుపత్రిలో అన్ని మెట్లు ఎక్కే కాళ్ళు లేవు. అన్నీ నిజమైన కారణాలే. ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే వినడానికి మరీ అలసటగా ఉంది.

భర్త లేచి, ఫోను తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాడు. ఆయన మాటలు లోపలికి వినిపిస్తూనే ఉన్నాయి. రేపు రానని చెప్పాడు. లేదు, తన ఒంట్లో బాగానే ఉందన్నాడు. మా ఆవిడ చెయ్యి అన్నాడు. అవతలి మనిషి చాలాసేపు మాట్లాడాడు. ఈయన ఊఁ కొడుతూ విన్నాడు. పదిహేను బస్సులు షెడ్డులో ఉన్నాయట, రేపే బయటికి వెళ్ళాలట. డిపోలో చేరినప్పటి నుంచి ఆయన ఆమె కోసం ఒక్కరోజు సెలవు అడిగింది లేదు. ఆమె కూడా ఎప్పుడూ అడగమని అనలేదు. పురుటికి కూడా ఒక్కతే రిక్షా ఎక్కి వెళ్ళింది.

ఆయన తిరిగొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. వంగిపోయిన వేలిని ముట్టుకోబోయి ఆగాడు.

“ఒక్క పూట ఇస్తానంటున్నాడు. చాలా?”

ఆమె నోటి దాకా వచ్చిన మాట చాలు అన్నదే. ఇన్నేళ్ళుగా ఆ మాటకు నోరు అలవాటు పడిపోయింది. అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు. అది వస్తే గదిలో అందరూ హమ్మయ్య అనుకుని టీలకు లేవొచ్చు.

“చాలదండీ,” అంది.

ఆయన లేచి, ఫోను పట్టుకుని మళ్ళీ మెట్ల దగ్గరికి వెళ్ళాడు.